రాజు వేషానికి సభ్యత్వం అక్కరలేదు

బుక్కాపురం దావీదురాజు కృపమణి టీచరు కంటబడకముందే చెవినబడ్డాడు. అది 1950వ సంవత్సరం, నవంబరు నెల. కోయిలకుంట్లకు ఆరు మైళ్ళ దూరంలోని ఒక పల్లెలో మిషను బాలికల పాఠశాలకు కొత్త బావి తవ్విస్తున్నారు. ఇరవై అడుగుల లోతున బండ తగిలింది. ఇక తూటాలు పెట్టి పేల్చక తప్పలేదు. కృపమణి టీచరు ఎనిమిదో తరగతికి పద్యపాఠం చెబుతూ, ఒక పదాన్ని నల్లబల్ల మీద సగం రాసి ఉండగా, "తొలగండ్రోయ్! తూటా! తూటా!" అన్న కేక కిటికీలోనుంచి వచ్చి, ఎదురు గోడకు తగిలి, వచ్చిన కిటికీలోనుంచే తిరిగిపోయింది. ఆమె చేతిలోని సుద్దముక్క రెండుగా విరిగింది. తూటా పేలిన చప్పుడు ఆ తరువాత వచ్చింది గాని, కేక విన్న చెవులకు అది చిన్నదిగానే తోచింది.

ఆమె రూళ్ళకర్రతో సహా బావి దగ్గరకు వెళ్ళింది.

"ఎవరయ్యా ఆ అరిచినవారు?"

ముఠా మేస్త్రి పెద్ద ఈరన్న తలగుడ్డ తీసి చేత పట్టుకొని, పక్కనున్న మనిషిని చూపించాడు. పొడవుగా, సన్నగా, నెత్తినుంచి పాదాల దాకా రాతిపొడితో తెల్లబడి ఉన్నాడతడు.

"నేనే టీచరమ్మా. దావీదురాజును."

"పూర్తి పేరు చెప్పు."

"బుక్కాపురం దావీదురాజు. వరమ్మ కొడుకును."

"లోపల పిల్లలు చదువుకుంటున్నారు. ఆ మాట కాస్త నెమ్మదిగా చెప్పలేవా?"

"నెమ్మదిగా చెప్తే రాళ్ళు గూడా లోపలికొచ్చి చదువుకుంటాయమ్మా."

మేస్త్రి నవ్వు ఆపుకోలేక మొగం పక్కకు తిప్పుకున్నాడు. "వాని గొంతుండాది కాబట్టే టీచరమ్మా, పదేండ్లుగా నా ముఠాలో ఒక్కనికీ దెబ్బ తగల్లేదు. నాలుగు దిక్కులా నాలుగు కేకలు. మొన్న పక్కూర్లో సంతకు పోయేటోళ్ళు గూడా ఆగి ఎనక్కి పోయినారు."

తిట్టడానికి వచ్చిన టీచరు తిట్టడం మరిచి నిలబడిపోయింది. ఆ కేకలో ఆమె గమనించింది వేరు. దీర్ఘం దీర్ఘంగా పలికింది. హ్రస్వం హ్రస్వంగా ఆగింది. ఒక్క అక్షరం కూడా ఇంకొకదాని మీద పడి నలగలేదు. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఇన్‌స్పెక్టర్ల నోటనైనా ఆమె అంత శుభ్రమైన ఉచ్చారణ వినలేదు. "ఆదివారం సాయంత్రం బడి వసారాలోకి రా. మొగం కడుక్కొని రా," అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ ఊరి గుడిలో ఏటా ఆడే క్రిస్మస్ నాటకాన్ని రాసేదీ, నేర్పేదీ ఆమే. గ్రాంథికంలో రాసేది, ఒక్క సంధి తప్పినా మళ్ళీ మొదటినుంచి చెప్పించేది. నాటకానికి ఒకటే లోపం ఉండేది. పసిపిల్లలను చంపమని ఆజ్ఞాపించే దుష్టరాజు గొంతు ఐదేళ్ళుగా మూడో వరుస దాటి వినబడలేదు. అందువల్ల ఆ ఊరి పసిపిల్లలు ఏ చింతా లేకుండా తల్లుల ఒళ్ళలో నిద్రపోయేవారు. ఇక బిడ్డడి తండ్రి వేషానికి మాటలే లేవు. తొట్టి పక్కన కర్ర పట్టుకొని నిలబడితే చాలు. ఆ వేషం సంఘపు పెద్ద ఏసేపుది. ఆ తండ్రి పేరే తన పేరు కూడా గనుక అది తన హక్కని ఆయన నమ్మకం. కర్ర కూడా ఆయన ఇంటిదే.

ఆ క్రిస్మస్‌కు దావీదురాజు రాజయ్యాడు. ఆజ్ఞ పలికేసరికి ఆడవాళ్ళు నిజంగానే బిడ్డలను కొంగుల్లోకి లాక్కున్నారు. నలుగురు పిల్లలు ఒకేసారి ఏడుపు ఎత్తుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న పెద్ద ఈరన్న క్రైస్తవుడు కాడు. గుడిలో ఏది చెయ్యవచ్చో ఏది చెయ్యకూడదో అతనికి తెలియదు. పద్యనాటకాలు చూసి పెరిగిన మనిషి. అక్కడి అలవాటు ఒకటే: బాగుంటే "వన్స్ మోర్" అనాలి, అన్నాక నటుడు మళ్ళీ చెప్పాలి, చచ్చి పడిపోయినవాడైనా లేచి చెప్పి మళ్ళీ చావాలి. అతడు చేతులు రెండూ ఎత్తి, "వన్స్ మోర్!" అని అరిచాడు.

దావీదురాజు తెర పక్కన ఉన్న టీచరు వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

ఆ ఒక్క తల ఊపుకు ఆమె తనకు తాను ఎనిమిదేళ్ళు జవాబు చెప్పుకుంటూ వచ్చింది. ఎందుకంటే రెండోసారి పలికిన రాజాజ్ఞ వీధిలో పోతున్న పుల్లయ్య చెవిన పడింది. పుల్లయ్య ప్రొద్దుటూరులో నాటకాల కంట్రాక్టరు. తెల్లవారి అతడే వరమ్మ గుడిసె ముందుకు వచ్చి కూచున్నాడు. సంక్రాంతి లోపల దావీదురాజు గడ్డపార దించి గద ఎత్తాడు.

పుల్లయ్య అతనికి ఎప్పుడూ రాక్షసరాజుల వేషాలే ఇచ్చేవాడు. కోయిలకుంట్ల మొదలు జమ్మలమడుగు దాకా ఆ గొంతు తెలియని ఊరు లేకపోయింది. కిరీటం నెత్తిన ఉన్నంతసేపు మిగిలిన నటులు అతని కాళ్ళ మీద పడి శరణు వేడేవారు. కిరీటం దించగానే అతని విస్తరి పంక్తికి దూరంగా, బండి చక్రం పక్కన వేసేవారు. "అదేమీ మనసులో పెట్టుకోగాకు రాజా," అని పుల్లయ్య ఓదార్చేవాడు. "పెట్టుకోను లేప్పా. చక్రం నీడ చల్లగానే ఉంటాది," అనేవాడు దావీదురాజు.

ఇటు సంఘంలో కూడా అతని విస్తరి కదిలింది. 1952 వేసవిలో పెద్దలు కూర్చుని, అన్యదేవతల కథలలో మొగానికి రంగు పూసుకుంటున్నాడు గనుక దావీదురాజును ప్రభువు బల్లకు, అంటే ఆరాధనలో రొట్టె పంచుకునే పంక్తికి, రాకుండా నిలిపివేయాలని తీర్మానించారు. ఆ మాట ముందు ఎత్తినవాడు ఏసేపు. మినిట్సు పుస్తకంలో రాసింది కృపమణి టీచరు. ఆ సంఘంలో వంకర లేకుండా రాయగలిగిన చెయ్యి ఆమెదొక్కటే. ఆమె వాక్యం బాగానే కుదిరింది. ఆ రాత ఎండేదాకా పుస్తకం మూయలేదు.

ఆ వచ్చే ఆదివారం నుంచి వరమ్మ ముందు వరుసలోని తన చోటు వదిలి, గుమ్మం పక్కనున్న చివరి బెంచీకి వెళ్ళింది. పాస్టరు అయ్యగారు పిలిచారు. టీచరు వెళ్ళి బతిమాలింది.

"నిన్నెవరూ నిలిపివేయలేదు వరమ్మా. నువ్వు రావచ్చు."

"నా కొడుకు లేని బల్లకాడ నాకేం పని టీచరమ్మా? వాడు తినే పొద్దుకు నేనూ తింటా."

"అది ఇంట్లో తిండి కాదు వరమ్మా."

"ఏ తిండైనా బిడ్డ తినకుండా తల్లి యాడ తింటాదమ్మా?" అని వరమ్మ చివరి బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

ఆ ఏడు క్రిస్మస్‌కు రాజు వేషం ఏసేపు తమ్ముడికి ఇచ్చారు. ఆట అయ్యాక ఆడవాళ్ళు బాహాటంగానే అన్నారు: "ఏం రాజమ్మా వాడు! పిల్లోళ్ళ ప్రాణాలడగమంటే పెండ్లాన్ని ఉప్పడిగినట్టు అడిగినాడు." ఊరు నవ్వింది. నవ్వు ఏసేపు ఇంటిదాకా వెళ్ళింది.

మరుసటి అక్టోబరులో కర్నూలు రాజధాని అయింది. ప్రభుత్వం డేరాలలో దిగింది. ఆ ఉత్సాహంలోనే కావచ్చు, సంఘపు పెద్దలు కూడా ఒక శాసనం చేశారు. అది టీచరు దస్తూరీలో ఇట్లా ఉంది: "రాజు దుష్టుడు గనుక, ఆ వేషము ధరించువానికి సంఘ సభ్యత్వము అక్కరలేదనియు, తండ్రి వేషము ధరించువాడు మాత్రము బల్లలో పాలుగలవాడై యుండవలెననియు తీర్మానించడమైనది." ఈ తీర్మానంతో ఎవరి మనస్సాక్షికీ ఇబ్బంది లేకపోయింది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం దావీదురాజు అందరి ఎదుట సింహాసనం మీద కూచునేవాడు. తెల్లవారి ఆరాధనలో రొట్టె పంచేవేళ, అమ్మ పక్కన చివరి బెంచీలో కూచునేవాడు. పళ్ళెం పట్టుకొని వరుసలన్నీ తిరిగిన ఏసేపు ఆ బెంచీ దాకా వచ్చి, వెనక్కి తిరిగేవాడు.

1954లో పుల్లయ్య ఎవరినో పట్టుకుని అతణ్ణి మద్రాసు పంపించాడు. క్రిస్మస్‌కు మాత్రం ఏటా వచ్చి రాజు వేషం వేసి వెళ్ళేవాడు. మద్రాసులో అతని గొంతే అతనికి ఎదురు తిరిగింది. మైకు ఓర్చుకోలేకపోయేసరికి, శబ్దం పట్టేవారు అతణ్ణి నాలుగు గజాలు వెనక్కి నిలబెట్టారు. మైకుకు దూరమైనవాడు కెమెరాకూ దూరమయ్యాడు. మొదటి మూడు సినిమాల్లో ఆ దూరంలో కనిపించే తలపాగా అతనిదేనని అతడు చెబితే నమ్మాలి. తరువాత మెల్లగా గొంతు దించడం నేర్చుకున్నాడు. దించిన కొద్దీ దగ్గరకు పిలిచారు. మునసబు, జైలు జవాను, వడ్డీవ్యాపారి పక్కన గొడుగు పట్టేవాడు, చివరికి జమీందారు గుమాస్తా. ఒక్కో వేషం గురించి టీచరుకు ఒక్కో కార్డు రాసేవాడు: "ఈ తూరి జవాను. రెండు మాటలు. ఒగటి 'పద'. ఇంగొగటి 'ఊఁ'." ఆమె ఆ కార్డుల మీద ఎర్రసిరాతో తప్పులు దిద్ది, కవరులో పెట్టి తిరిగి పంపేది. క్షేమం అడగడానికి ఆమెకు తెలిసిన పద్ధతి అది. పదకొండు సినిమాలలో అతని పేరు ఒక్కసారి కూడా తెర మీద పడలేదు. "తదితరులు" అన్న మాట వచ్చినప్పుడల్లా, అందులో తానున్నానని అతడు సంతోషించేవాడు.

1957లో అతడు గుమాస్తాగా వేసిన సినిమా కోయిలకుంట్ల డేరా టాకీసుకు వచ్చింది. సినిమా చూడరాదని సంఘంలో నియమం. టీచరు అతని ఉచ్చారణ ఎట్లా ఉందో పరీక్షించడానికి మాత్రమే వెళుతున్నానని తనకు తాను చెప్పుకొని, మొదటి ఆటకు గొడుగు అడ్డం పెట్టుకుని వెళ్ళింది. ఆడవాళ్ళ వైపు గుడి పాటల జట్టులో సగం మంది ముసుగులు కప్పుకుని కూచున్నారు. తెరలో గుమాస్తా జమీందారు కాళ్ళ మీద పడి, తాను చేసిన ద్రోహం చెప్పి ఏడ్చాడు. ఎడమచేతి వెనకభాగంతో కన్ను తుడుచుకున్నాడు. మొగం తెరంతా నిండింది. టీచరు ఉచ్చారణ పరీక్షించడం మరిచిపోయింది. రీలు మార్చడానికి దీపాలు వేసినప్పుడు, నేల టిక్కెట్ల వైపు మండు వేసవిలో కంబళి కప్పుకొని కూర్చున్న ఒక మనిషి ఆమె కంటబడ్డాడు. ఏసేపు. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదని ఇద్దరూ తీర్మానించుకున్నారు. ఆ తీర్మానం మాత్రం ఏ పుస్తకానికీ ఎక్కలేదు.

1958 మార్చిలో వరమ్మ బాగా తగ్గిపోయింది. చూపు మసకబారింది, తిండి సగమైంది, ఆదివారం గుడికి రావడం మాత్రం మానలేదు. వచ్చి అదే చివరి బెంచీలో కూచునేది. కబురు తెలిసి దావీదురాజు మద్రాసునుంచి వచ్చాడు. నేరుగా టీచరు ఇంటికి వచ్చాడు.

"మా యమ్మ ఆరేండ్లయింది బల్ల ముట్టుకోక. ఇట్లే పోతే నన్ను నేను యాడ దాచుకోవాల టీచరమ్మా? అయ్యగారినడిగితే సంఘం ముందర నిలబడి తప్పు ఒప్పుకోమన్నాడు. ఏమని ఒప్పుకోవాల్నో మీరు రాసియ్యండి."

ఆమె రాసింది. నాలుగు పుటలు, తాను రాసినవాటిలో ఉత్తమమైనదని ఆమెకే అనిపించింది. మూడు సాయంత్రాలు వసారాలో నిలబెట్టి చెప్పించింది. "'పశ్చాత్తాపతప్తుడనై' దగ్గర ఆగు. ఊపిరి తీసుకో. కన్నీళ్ళు ఇక్కడ వద్దు. తరువాతి వాక్యంలో రానీ." అతడు ఆగమన్నచోట ఆగాడు, రమ్మన్నచోట కన్నీళ్ళను రప్పించాడు. ఆమె తృప్తిపడింది. అతడు ఒప్పుకోవలసిన నేరం నటనే అన్న సంగతి ఆ మూడు సాయంత్రాలూ ఇద్దరికీ తట్టలేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. దావీదురాజు ముందుకు వచ్చి నాలుగు పుటలూ కాగితం చూడకుండా పలికాడు. రెండో పుటకే ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నాలుగో పుటలో అతడు ఎడమచేతి వెనకభాగంతో కన్ను తుడుచుకున్నాడు. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సరిగా అప్పుడే, తన ముఠా మనిషికి మేలు జరుగుతుందని చూడవచ్చిన పెద్ద ఈరన్న గుమ్మంలో లేచి, చెంపలమీద నీళ్ళు కారుతుండగా, "వన్స్ మోర్!" అన్నాడు.

ఏసేపు చివాలున లేచాడు.

"చూస్తిరా అయ్యగారూ? ఇది ఒప్పుకోలా? యాక్టింగు! జమీందారు కాళ్ళకాడ ఇదే ఏడుపు ఏడ్చినాడు. ఇట్లే ఎడంచేత్తో కన్ను తుడుచుకున్యాడు, ఇట్లే ముక్కెగబీల్చినాడు. నా కండ్లారా చూసినా!"

తన మాట తన చెవికి చేరడానికి ఏసేపుకు కొంచెం సమయం పట్టింది. చేరాక అతని చెయ్యి బెంచీ పట్టుకుంది.

టీచరు కలం సిరాలో ముంచింది. "ఏసేపు గారూ, ఇది సాక్ష్యం. రాసుకోవాలి. ఎక్కడ చూశారు?"

పాటల జట్టు అంతా పాటల పుస్తకాల్లో ఏదో వెతకసాగింది.

"తొందర లేదు. ఆలోచించుకోండి," అంది టీచరు. "ఆ డేరాలో నేనూ ఉన్నాను. ముందు నా పేరు రాసుకుంటాను." రాసుకుంది కూడా. ఆ ఒక్క వరుస మాత్రం వంకరగా వచ్చింది.

అయ్యగారు చాలాసేపు దగ్గారు. ఆ దగ్గు మాటున ఏమున్నదో ఎవరూ అడగలేదు. తరువాత, "దావీదురాజూ, నేర్చుకున్నది పక్కన పెట్టు. నీకున్నదేదో చెప్పు," అన్నారు.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో దావీదురాజుకు తెలియలేదు. ఎట్టకేలకు మాట్లాడితే ఆ మాట మూడో వరుస దాటి వినబడలేదు. వెనకవాళ్ళు మెడలు చాచారు.

"నాకు ఏషమంటే ఇష్టమయ్యగారూ. అబద్దం చెప్పలేను. రేపు పిల్చినా పోతా. మా యమ్మ... ఆరేండ్లు ఆ బెంచీలో కూచునింది, నా గురించి. అదొక్కటే నేను చేసిన తప్పు. దానికి ఏడ్చాలని శానా తూర్లు చూసినా. ఏడుపు రాల్యా."

వన్స్ మోర్ అని ఎవరూ అనలేదు. పెద్ద ఈరన్న తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వరమ్మా, ముందుకు రా," అన్నారు అయ్యగారు.

"వానికిస్తేనే వస్తా."

"ఇద్దరికీ ఇస్తాను. రా తల్లీ."

వరమ్మ గుమ్మం దగ్గరనుంచి బెంచీలు తడుముకుంటూ వచ్చింది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు, ఆమె పట్టుకోనివ్వలేదు కూడా. పళ్ళెం పట్టుకోవలసినవాడు వాడుక ప్రకారం ఏసేపే. అతని చేతిలో పళ్ళెం గజగజలాడింది. వరమ్మ ఆ చప్పుడు వైపు మొగం తిప్పి, "గట్టిగా పట్టుకో ఏసేపా, నాటకంలో కర్ర పట్టుకున్యట్ల," అంది. తన ముక్క వెంటనే తినలేదు. కొడుకు నమిలి మింగినది మసక కళ్ళతో చూసి, ఆ తరువాత తిన్నది.

దావీదురాజు సభ్యత్వాన్ని పునరుద్ధరించినట్లు టీచరు ఒక్క వాక్యంలో రాసింది. డేరాకు వెళ్ళినవారి పేర్ల సంగతి అడిగితే, అవన్నీ రాయడానికి పుస్తకంలో పుటలు చాలవని అయ్యగారు అభిప్రాయపడ్డారు. ఆమె పేరొక్కటే అక్కడ వంకరగా మిగిలిపోయింది.

ఆ నవంబరులో ఆమె రాజాజ్ఞను ఇంకో పుట పెంచి రాసి ఉంచింది. దావీదురాజు బస్సు దిగి, మొగం కడుక్కొని, బడి వసారాలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె కాగితాలు చాచింది. అతడు అందుకోలేదు. ఆ మరుసటి జూనులో ఆమెకు కడపకు బదిలీ అయింది. అతని కార్డులు అక్కడికీ వస్తూనే ఉండేవి. వాటిలో వేషాలుండేవి, కోరికలుండేవి కావు. కనుక అతడు ఆమెను ఏదైనా అడిగినది ఆ సాయంత్రమే కడసారి.

"టీచరమ్మా, ఈ తూరి నాకు తండ్రి ఏషమియ్యండి."

"దానికి ఒక్క మాట కూడా లేదు, దావీదురాజూ. నేను రాయలేదు."

"తెల్సమ్మా. రాయొద్దండి. రాజును మా యమ్మ ఎనక బెంచీలో కూచోని విన్నాది ఇన్నేండ్లు. ఇప్పుడు ముందర కూచుంటాండాది గదా. ఆ దూరానికి మనిషి కంటికి ఆనుతాడంట. చూస్తానంటాండాది."

"మరి రాజు ఎవరు?"

"ఏసేపన్ననడగండి. ఆ పొద్దు లేసి అరిచింది చూస్తిరి గదా, గొంతు బాగానే ఉండాది."

ఆమె నవ్వింది. కాగితాలు మడిచి పెట్టెలో పెట్టింది. అతడు మెట్టు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఇంగొగటమ్మా. పెద్ద ఈరన్న ఎట్లాగూ వస్తాడు. వన్స్ మోర్ అంటే నేను మీ తట్టు చూస్తా. తల ఊపండమ్మా. ఇంకాసేపు నిలబడతా."